కోళ్ల దాణాలో పులిసిన పిప్పి: ఖర్చు తగ్గేది ఎంత, జాగ్రత్త ఎక్కడ?

బ్రాయిలర్ కోళ్ల పెంపకంలో పెట్టే ప్రతి వంద రూపాయల్లో 65 నుంచి 70 రూపాయలు దాణాకే ఖర్చవుతాయి. ఆ దాణాలో సగానికి మించి మొక్కజొన్న, పావు వంతుకు పైగా సోయా చెక్క ఉంటాయి. ఈ రెండింటిలో ఏ ఒక్కదాని ధర పెరిగినా చిన్న పెంపకందారు లాభం కరిగిపోతుంది.

ఇటీవలి సంవత్సరాల్లో ఈ పరిస్థితి పలుమార్లు ఎదురైంది. 2021లో సోయా చెక్క ధర అసాధారణంగా పెరగడంతో, కేంద్ర ప్రభుత్వం ఆ ఏడాది ఆగస్టులో జన్యుమార్పిడి సోయాతో తయారైన చెక్కను 12 లక్షల టన్నుల మేరకు దిగుమతి చేసుకోవడానికి అనుమతించింది. ఆ తర్వాత పెట్రోలులో కలిపే ఇథనాల్ తయారీకి మొక్కజొన్న వాడకం పెరిగింది. ఒకప్పుడు మొక్కజొన్నను ఎగుమతి చేసిన దేశం 2024లో పెద్ద ఎత్తున దిగుమతి చేసుకోవలసి వచ్చింది. కోడికీ కర్మాగారానికీ ఒకే గింజ కోసం పోటీ మొదలైంది.

మరోవైపు పొలాల్లో, మిల్లుల్లో మిగిలిపోయే పదార్థానికి కొదవ లేదు. బియ్యం మిల్లుల తవుడు, సగ్గుబియ్యం మిల్లుల పిప్పి, పత్తి గింజల చెక్క, పండ్ల రసం కర్మాగారాల తొక్క, టెంక వంటివి తక్కువ ధరకు దొరుకుతాయి. కొన్ని దుర్గంధం వెదజల్లుతూ కుప్పలుగా పడి ఉంటాయి. వీటిని పులియబెట్టి బ్రాయిలర్ దాణాలో కలిపితే ఖర్చు తగ్గుతుందా అనే ప్రశ్నపై భారతదేశంలోనూ, ఇండోనేషియా, థాయిలాండ్, నైజీరియా వంటి దేశాల్లోనూ చాలా కాలంగా పరిశోధనలు సాగుతున్నాయి. వాటి సారాన్ని ఒక్క మాటలో చెప్పాలంటే, పులియబెట్టడం వ్యర్థాన్ని మొక్కజొన్నగా మార్చదు. దాణాలో ఆ వ్యర్థానికి దక్కే చోటును కొంత పెంచుతుంది. ఆ కొంత ఎంత అన్నదానిపైనే పెంపకందారు లాభనష్టాలు ఆధారపడి ఉంటాయి.

కోడికి పీచు ఎందుకు పడదు

ఆవు, గేదె గడ్డి తిని బతకగలవు. వాటి పొట్టలోని పెద్ద అరలో కోట్లాది సూక్ష్మజీవులు గడ్డిలోని పీచును విడగొట్టి పశువుకు అందిస్తాయి. కోడికి ఆ అర లేదు. తిన్న గింజ కందనకాయలో నలిగి చిన్నపేగులోకి వెళుతుంది. కొన్ని గంటల్లోనే జీర్ణక్రియ ముగుస్తుంది. పేగు చివర ఉండే రెండు అంధనాళాల్లో సూక్ష్మజీవులు ఉన్నా, అవి విడగొట్టే పీచు స్వల్పమే.

బ్రాయిలర్ విషయంలో ఈ పరిమితి మరింత కఠినమైనది. సుమారు 40 గ్రాముల బరువుతో షెడ్డులోకి వచ్చిన పిల్ల 35 నుంచి 42 రోజుల్లో రెండు కిలోలు దాటాలి. అందుకే భారతీయ ప్రమాణాల సంస్థ బ్రాయిలర్ దాణాకు నిర్దేశించిన ప్రమాణాల్లో మాంసకృత్తులు తొలి దశలో 23 శాతం, తుది దశలో 20 శాతం ఉండాలని, పీచు 5 శాతం మించరాదని ఉంది. పీచు ఎక్కువైతే కోడి కడుపు నిండుతుంది కానీ శక్తి చాలదు. కొన్ని రకాల పీచు పేగులో జిగురుగా మారి ఇతర పోషకాలు ఒంటబట్టకుండా అడ్డుపడుతుంది. రెట్ట పలచబడి కింద పరచిన ఊక తడిసిపోతుంది.

మరో అడ్డంకి ఫైటేట్. గింజల్లో, తవుడులో ఉండే భాస్వరంలో దాదాపు మూడింట రెండు వంతులు ఈ రూపంలో బంధించి ఉంటుంది. దానిని విడదీసే ఎంజైము కోడి పేగులో తగినంత లేదు. ఫలితంగా భాస్వరం రెట్టలో పోతుంది. దాణాలో భాస్వరం ఖనిజాలను విడిగా కొని కలపవలసి వస్తుంది.

పులిస్తే ఏమి మారుతుంది

ఇడ్లీ పిండి రాత్రంతా పులిస్తే పొంగుతుంది, రుచి మారుతుంది, తేలికగా అరుగుతుంది. దాణా పదార్థాన్ని పులియబెట్టడంలోనూ జరిగేది ఇలాంటి పనే. ఇందులో ప్రధానంగా రెండు పద్ధతులు ఉన్నాయి.

మొదటిది గాలి తగలకుండా పులియబెట్టడం. పశువులకు పాతరగడ్డి తయారుచేసే పద్ధతికి ఇది దగ్గర. లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా పదార్థంలోని చక్కెరలను ఆమ్లంగా మారుస్తుంది. పీహెచ్ విలువ 4 దగ్గరకు దిగుతుంది. ఆ పులుపులో సాల్మొనెల్లా, ఈ.కోలి వంటి హానికర సూక్ష్మజీవులు పెరగడం కష్టం. ఫైటేట్‌లో కొంత భాగం విడిపోతుంది. అయితే ఈ పద్ధతిలో గట్టి పీచు పెద్దగా తగ్గదు.

రెండోది గాలి తగిలేలా, పలుచగా పరచి, ఎంపిక చేసిన శిలీంధ్రాన్ని పెంచడం. దీనిని ఘనస్థితి పులియబెట్టడం అంటారు. ఇండోనేషియాలో సోయా గింజలతో టెంపే తయారుచేసే రైజోపస్, జపాన్ వంటశాలల్లో శతాబ్దాలుగా వాడుతున్న ఆస్పర్జిల్లస్ ఒరైజే ఈ కోవలోనివి. ఇవి సెల్యులేజ్ వంటి ఎంజైములను విడుదల చేసి పీచును కొంతమేర కోస్తాయి. పదార్థంలో తమ పోగులను అల్లుకుంటాయి. ఆ పోగులు కూడా దాణాలో భాగమవుతాయి. ఫలితం మెరుగ్గా ఉన్నా, ఈ పద్ధతికి శుభ్రత, ఉష్ణోగ్రత, గాలి, తేమలపై పట్టు అవసరం. డ్రమ్ములో మూత బిగించి వదిలేస్తే జరిగే పని కాదు.

ఏ పద్ధతిలోనైనా కర్రలా గట్టిపడిన లిగ్నిన్ చాలావరకు అలాగే మిగులుతుంది. వరిగడ్డి, ఊక వంటివి పులియబెట్టినా బ్రాయిలర్‌కు పనికిరాకపోవడానికి లిగ్నిన్, ఇసుక వంటి సిలికా ఎక్కువగా ఉండటమే కారణం. పంట వ్యర్థమంతా ఒకటి కాదు. పిండిపదార్థం, మాంసకృత్తులు మిగిలి ఉన్న వ్యర్థమే పులియబెట్టడానికి తగినది.

సగ్గుబియ్యం పిప్పి: ఒక ఉదాహరణ

గోదావరి జిల్లాల మెట్ట ప్రాంతంలో పెద్దాపురం, సామర్లకోట పరిసరాలు కర్రపెండలం సాగుకూ, సగ్గుబియ్యం మిల్లులకూ పేరుపొందాయి. అదే ప్రాంతంలో కోళ్ల ఫారాలూ విస్తారంగా ఉన్నాయి. తమిళనాడులోని సేలం ప్రాంతంలో ఈ మిల్లుల సంఖ్య ఇంకా ఎక్కువ. దుంపను తురిమి, నీటితో కడిగి పిండిని వేరుచేసిన తర్వాత పిప్పి మిగులుతుంది. చూడటానికి అది సారం పోయిన పదార్థంలా ఉన్నా, పొడి బరువులో దాదాపు సగం పిండిపదార్థమే. అది పీచులో చిక్కుకుని కడుగుడుకు రాకుండా ఉండిపోయినది.

శక్తినిచ్చే పదార్థం కావడం ఈ పిప్పికి ఉన్న బలం. లోపాలు రెండు. మాంసకృత్తులు పొడి బరువులో రెండు, మూడు శాతానికి మించవు. కర్రపెండలంలో సహజంగా ఉండే లినమారిన్ అనే పదార్థం నుంచి సైనైడ్ విడుదలవుతుంది. తురమడం, కడగడం, ఎండబెట్టడంతో అది చాలావరకు పోతుంది. పులియబెడితే ఇంకా తగ్గుతుంది. దుంప తొక్కలో మాత్రం సైనైడ్ పాలు ఎక్కువ. అందుకే పిప్పినీ తొక్కనూ ఒకే కుప్పలో కలిపి తెచ్చుకోవడం ప్రమాదకరం.

తెలంగాణలో విస్తారంగా దొరికే పత్తి గింజల చెక్క పరిస్థితి దీనికి తలకిందులు. అందులో మాంసకృత్తులకు కొదవ లేదు. కానీ గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది. లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. తగిన సూక్ష్మజీవులతో పులియబెడితే స్వేచ్ఛారూపంలోని గాసిపాల్ తగ్గుతుందని ప్రయోగాలు చూపించాయి. లైసిన్ కొరత మాత్రం తీరదు. దానిని విడిగా కలపవలసిందే.

కాగితం మీది మాంసకృత్తులు

పులిసిన దాణాను గురించి తరచూ వినిపించే మాట, మాంసకృత్తులు రెట్టింపయ్యాయి, మూడు రెట్లయ్యాయి అన్నది. ఈ మాటను జాగ్రత్తగా పరిశీలించాలి.

వంద కిలోల పొడి పిప్పిలో రెండున్నర కిలోల మాంసకృత్తులు ఉన్నాయనుకుందాం. సూక్ష్మజీవులు 20 కిలోల పిండిపదార్థాన్ని తిని బొగ్గుపులుసు వాయువుగా వదిలేస్తే, మిగిలేది 80 కిలోలు. అందులో ఉన్నవి అదే రెండున్నర కిలోల మాంసకృత్తులు. శాతం మాత్రం 2.5 నుంచి 3.1కి పెరిగినట్లు కనిపిస్తుంది. కొత్తగా ఒక్క గ్రాము కూడా పుట్టలేదు. పైగా 20 కిలోల శక్తిపదార్థం ఖర్చయిపోయింది.

నిజంగా కొత్త మాంసకృత్తులు తయారు కావాలంటే సూక్ష్మజీవులకు నత్రజని అందించాలి. అందుకు యూరియా గాని అమ్మోనియం సల్ఫేట్ గాని కలుపుతారు. ఇక్కడే అసలు చిక్కు ఉంది. ప్రయోగశాలలో మాంసకృత్తులను నేరుగా కొలవరు. నత్రజనిని కొలిచి 6.25తో గుణిస్తారు. యూరియాలో నత్రజని 46 శాతం. అంటే వంద కిలోల పదార్థంలో కిలో యూరియా కలిపితే చాలు, పరీక్ష కాగితంపై దాదాపు 2.9 శాతం మాంసకృత్తులు అదనంగా కనిపిస్తాయి. సూక్ష్మజీవులు వాడుకోకుండా మిగిలిన యూరియా పశువుకు కొంత ఉపయోగపడవచ్చు గాని, కోడికి ఉపయోగపడదు. మోతాదు మించితే హాని చేస్తుంది. కనుక పులిసిన దాణాను కొనేవారు ముడి మాంసకృత్తుల శాతంతో సరిపెట్టుకోక, నిజ మాంసకృత్తులు ఎంత, లైసిన్, మిథియోనిన్ ఎంత అని అడగడం అవసరం.

మంచి బూజు, చెడ్డ బూజు

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుపట్టని వ్యాధితో చనిపోయాయి. కారణం వాటి దాణాలో కలిపిన వేరుశనగ చెక్క అని తేలింది. ఆ చెక్కపై పెరిగిన ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు విడుదల చేసిన విషానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. దాణాను పులియబెట్టడానికి వాడే ఆస్పర్జిల్లస్ ఒరైజే ఈ బూజుకు దగ్గరి చుట్టమే. ఒకటి వంటింట్లో పనికొస్తే, మరొకటి కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కంటితో చూసి రెంటినీ నమ్మకంగా వేరుచేయలేరు.

వెచ్చదనం, తేమ, పిండిపదార్థం మూడూ కలిసిన చోట మంచి సూక్ష్మజీవి ఎంత వేగంగా పెరుగుతుందో చెడ్డదీ అంతే వేగంగా పెరుగుతుంది. మిల్లు బయట రెండు రోజులు ఆరుబయట పడి ఉన్న పిప్పిని తెచ్చి పులియబెట్టడమంటే అప్పటికే చొరబడిన బూజుకు మరింత మేత వేయడమే. అఫ్లాటాక్సిన్ ఒకసారి చేరితే ఉడకబెట్టినా, ఎండబెట్టినా పోదు. వాసన మంచిగా ఉన్నంత మాత్రాన విషం లేదని చెప్పలేరు. కోళ్ల దాణాలో అఫ్లాటాక్సిన్ బీ1ను కిలోకు మైక్రోగ్రాముల్లో కొలుస్తారు. ఇంత సూక్ష్మమైన పాళ్లను పరీక్ష ఒక్కటే పట్టుకోగలదు. విషం తక్కువ మోతాదులో ఉన్నా కోళ్ల ఎదుగుదల మందగిస్తుంది, టీకాలు సరిగా పనిచేయవు. చాలామంది దానిని దాణా దోషంగా గుర్తించరు.

కర్మాగారంలో పులిసిన దాణా

కోళ్ల రంగంలో పులిసిన పంట అవశేషం ఇప్పటికే పెద్ద ఎత్తున వాడుకలో ఉంది. మొక్కజొన్న, నూకల నుంచి ఇథనాల్ తీసిన తర్వాత మిగిలిన పదార్థాన్ని ఎండబెట్టి దాణా మిల్లులకు అమ్ముతారు. వాణిజ్య పరిభాషలో దీనిని డీడీజీఎస్ అంటారు. వంద కిలోల గింజ నుంచి సుమారు 30 కిలోలు వస్తుంది. పిండిపదార్థం ఇథనాల్‌గా మారిపోగా మాంసకృత్తులు, నూనె, పీచు దాదాపు మూడు రెట్లు చిక్కబడతాయి. మొక్కజొన్న డీడీజీఎస్‌లో మాంసకృత్తులు సుమారు 27 నుంచి 30 శాతం. బియ్యం నుంచి వచ్చిన దానిలో 40 శాతం దాటుతాయి.

కోడి నోటి ముందు గింజను తీసుకున్న కర్మాగారమే అందులో కొంత భాగాన్ని తిరిగి ఇస్తున్నదన్నమాట. అయితే గింజలో బూజు విషం ఉంటే అదీ మూడు రెట్లు చిక్కబడుతుంది. అతిగా వేడి తగిలి ముదురు గోధుమరంగుకు మారిన సరుకు వచ్చినప్పుడు లైసిన్ జీర్ణం కాకుండా పోతుంది. ఆధునిక కర్మాగారం నుంచి వచ్చే పదార్థానికే ఇన్ని జాగ్రత్తలు అవసరమైతే, పెరట్లో తయారుచేసే దానికి ఇంకెంత అవసరమో ఊహించవచ్చు.

లెక్క ఎక్కడ తేలుతుంది

తడి పిప్పి ధరను పొడి దాణా ధరతో పోల్చడం మొదటి పొరపాటు. 70 శాతం తేమ ఉన్న పిప్పి మూడు కిలోలు ఎండితే, 10 శాతం తేమతో నిల్వకు తగిన సరుకు ఒక కిలో వస్తుంది. రెండు కిలోల నీరు ఆవిరి కావాలి. కిలో 4 రూపాయలకు దొరికిన తడి పిప్పి ఎండేసరికి 12 రూపాయలవుతుంది. రవాణా, కూలి, సూక్ష్మజీవుల మూలకం, వానాకాలంలో ఎండబెట్టే ఇంధనం ఖర్చు ఆపైన.

రెండో పొరపాటు మేత మార్పిడి నిష్పత్తిని మరచిపోవడం. కిలో బరువు పెరగడానికి కోడి ఎన్ని కిలోల దాణా తిన్నదో చెప్పే సంఖ్య ఇది. ఊహాజనితంగా ఒక లెక్క చూద్దాం. వెయ్యి బ్రాయిలర్లు ఒక్కొక్కటి రెండు కిలోలకు పెరగడానికి 1.65 నిష్పత్తిలో 3,300 కిలోల దాణా తింటాయి. అందులో 10 శాతం, అంటే 330 కిలోల మేర పులిసిన పిప్పి వాడి కిలోకు 8 రూపాయలు ఆదా చేస్తే మిగిలేది 2,640 రూపాయలు. ఆ మార్పుతో నిష్పత్తి 1.65 నుంచి 1.75కి జారిందనుకుందాం. అదే బరువుకు కోళ్లు 200 కిలోల దాణా అదనంగా తింటాయి. కిలో 35 రూపాయల చొప్పున 7,000 రూపాయలు నష్టం. పులియబెట్టడం విజయవంతమైందా లేదా అన్నది డ్రమ్ములో కాదు, కోళ్లను తూకం వేసిన రోజున తేలుతుంది.

ఎవరికి ఉపయోగం

తెలుగు రాష్ట్రాల్లో బ్రాయిలర్ పెంపకంలో అధిక భాగం ఒప్పంద పద్ధతిలో సాగుతోంది. పిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, శ్రమ రైతువి. కిలోకు ఇంత అని పెంపకపు కూలి ముడుతుంది. ఈ రైతుకు దాణాను మార్చే హక్కు లేదు. తన వంతుగా ఏదైనా కలిపితే నిష్పత్తి చెడి కూలిలో కోత పడుతుంది, ఒప్పందమూ ఉల్లంఘించినట్లవుతుంది. ఇక్కడ దాణా ఖర్చు తగ్గితే ఆ లాభం మొదట చేరేది దాణా మిల్లుకే. కంపెనీలు ఇప్పటికే ఫైటేజ్, జైలనేజ్ వంటి ఎంజైములను దాణాలో నేరుగా కలుపుతున్నాయి. పులియబెట్టడం ద్వారా సాధించదలచిన మార్పుల్లో కొన్నింటిని అవి తక్కువ శ్రమతో సాధిస్తాయి.

దాణాను సొంతంగా కలుపుకునే స్వతంత్ర పెంపకందారులకు, మిల్లుకు దగ్గరలో ఉండి రోజువారీ తాజా పిప్పి పొందగలవారికి ఈ పద్ధతి నిజంగా ఉపకరిస్తుంది. పెరటి కోళ్ల పెంపకంలో అవకాశం మరింత విశాలం. హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన వనరాజా, గ్రామప్రియ వంటి జాతులు నెమ్మదిగా పెరుగుతాయి. కొంత పీచును తట్టుకుంటాయి. నలభై రోజుల గడువు వాటికి లేదు. సగ్గుబియ్యం మిల్లు పక్కనే రైతు సంఘమో, మహిళా సంఘమో ఒక కేంద్రాన్ని నెలకొల్పి ఒకే నాణ్యతతో పులియబెట్టి, ఎండబెట్టి, పరీక్షించి అమ్మితే, పది ఇళ్లలో పది రకాలుగా తయారుచేసే ప్రమాదం తప్పుతుంది.

ప్రయత్నించదలచినవారు గమనించవలసినవి

పదార్థం ఆ రోజు మిల్లులోంచి వచ్చినదై ఉండాలి. పిడికిట గట్టిగా నొక్కితే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారరాదు. గాలి చొరబడని డ్రమ్ములో అదిమి నింపి మూత బిగించాలి. మన వాతావరణంలో మూడు నుంచి ఐదు రోజుల్లో పులుపు తేరుతుంది. పీహెచ్ కాగితంతో చూస్తే 4.5 లోపు ఉండాలి. పుల్లని, తీయని వాసన మంచి గుర్తు. కుళ్లు వాసన, ముక్క వాసన, నలుపు లేదా ఆకుపచ్చ బూజు కనిపిస్తే ఆ డ్రమ్మును మొత్తంగా పారవేయాలి. పైపొర తీసి మిగిలినది వాడుకోవాలన్న ఆశ ఖరీదైనది.

మూడు వారాలు నిండని పిల్లలకు ఇవ్వకూడదు. ఆపై 5 శాతంతో మొదలుపెట్టి క్రమంగా 10 శాతం వరకు మాత్రమే పెంచాలి. పిప్పిలో లేని మాంసకృత్తులను సోయాతో, అమైనో ఆమ్లాలతో సరిచూడటానికి పశువైద్యుని లేదా పోషకాహార నిపుణుని సలహా తప్పనిసరి. తొలిసారి అన్ని కోళ్లకూ కాక, షెడ్డులో ఒక భాగాన్ని వేరుచేసి వంద కోళ్లకే ఇచ్చి, మిగిలిన వాటితో వారం వారం తూకం పోల్చాలి. దాణా నమూనాను పశువైద్య విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో పరీక్షకు ఇవ్వాలి. దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రం ఇందుకు దారి చూపుతుంది.

2019 పశుగణన ప్రకారం దేశంలో కోళ్ల సంఖ్య 85 కోట్లు దాటింది. ఇన్ని నోళ్లకు గింజ ఒక్కటే ఆధారంగా ఉండటం ఎంత కష్టమో మార్కెట్ ధరలు చెబుతూనే ఉన్నాయి. పిప్పి, తవుడు, చెక్కలను పులియబెట్టి వాడుకోవడం ఆ భారాన్ని కొంత దించగలదు. దించేది పదోవంతే అయినా చిన్న పెంపకందారుకు అది ఒక బ్యాచ్ లాభంతో సమానం కావచ్చు. ఆ పదోవంతు చేతికి దక్కాలంటే పిప్పిని ఉచితంగా వచ్చిన వ్యర్థంగా చూడరాదు. డబ్బు పెట్టి కొన్న మొక్కజొన్నను ఎలా తూచి, చూసి, పరీక్షించి తీసుకుంటారో దానినీ అలాగే తీసుకోవాలి.